వంకాయ రంగు బండి

రంగు వేసేవాళ్లకు కాస్త పొగరు ఉండాలి. ఈ మాట ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అన్నాను, దిగిపోయాక కూడా అంటున్నాను. కొండంత డంపర్ లారీ ముందు నిలబడి, చేతిలో రంగు చిమ్మే గన్ పట్టుకుని, "దీన్ని ఇవాళ పెళ్లికూతుర్ని చేసి పంపిస్తాను" అని అనుకోనివాళ్లు ఆ పనికి పనికిరారు. చేయి ఒక్కచోట తటపటాయించిందా, రంగు అక్కడే బొట్టుగా నిలబడి కిందికి జారుతుంది. ఆ జారిన గీత మన భయాన్ని ఊరంతటికీ చూపిస్తుంది. అందుకే మా షెడ్డులో కొత్తగా చేరిన పిల్లలకు ముందు పొగరు నేర్పి, ఆ తర్వాతే గన్ ఇచ్చేదాన్ని.

ఇప్పుడు మీకు చెబుతున్నది మాత్రం నా పొగరు దుమ్ము కొట్టుకుపోయిన రోజు గురించి. ఉత్తి మాట కాదు, నిజంగానే దుమ్ము కొట్టుకుపోయింది.

మా నాయన బొగ్గు బావిలో దిగీ దిగీ ఊపిరి చాలక ఇంటికి వచ్చేస్తే, ఆ నౌకరీ నాకు వచ్చింది. బొగ్గు గనుల బండ్లు బాగుచేసే షెడ్డులో వేశారు. ఆడపిల్లనని చీపురు చేతికిచ్చారు. ఊడవడం అయిపోయాక పెయింటర్ వెనకాల నిలబడి చూసేదాన్ని. ఒకరోజు ఆయన సెలవు పెట్టాడు. గన్ కొక్కేనికి వేలాడుతోంది, డంపర్ డోరు సగం రంగుతో నిలబడి ఉంది. పక్కనే నట్లు బిగిస్తున్న ఫిట్టరన్న నన్ను చూశాడు.

"ఏందమ్మా గట్ల చూస్తున్నవ్? పట్టుకుంటవా? పట్టుకో. పాడైతే డంపరే గద పాడయ్యేది, నీ పెండ్లి చీర గాదు."

పట్టుకున్నాను. అంతే, మళ్లీ వదల్లేదు. ఆ డోరు అయ్యాక ఆయన చుట్టూ తిరిగి చూసి, కింద మూలన రంగు పడని చోట చూపించి, "గిది నీ అత్తకు వదిలిపెట్టినవా?" అన్నాడు. ఆయన మెచ్చుకోలు అదే. ఎదుటివాళ్ల పనిలో తప్పు కనిపిస్తే ఆయనకు బోనాల పండగ. దాని కోసం ఎంత దూరమైనా నడుస్తాడు, ఎంతసేపైనా నిలబడతాడు. ఏమీ అనకుండా వెళ్లిపోయాడంటే మాత్రం పని అద్భుతంగా ఉందని మేము అర్థం చేసుకునేవాళ్లం.

షెడ్డులో ఇంకో అలవాటు కూడా ఆయన పెట్టిందే. పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ గనిలో మధ్యాహ్నం మందు పెట్టి పేల్చే బ్లాస్టింగ్ ఉంటుంది. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత భూమి అదురుతుంది, ఆ తర్వాత తీరిగ్గా దుమ్ము వస్తుంది. తడి రంగు మీద ఆ దుమ్ము పడిందంటే చేసిన పనంతా గంగలో కలిసినట్టే. అందుకని సైరన్ మోగగానే ఫిట్టరన్న చేతిలో పని పక్కన పెట్టి, పెద్ద షట్టర్ గడగడా కిందికి దించేవాడు. ఆయన చూపిన దారిలోనే తర్వాత వచ్చినవాళ్లూ దించేవాళ్లు. కొత్త పిల్లలెవరైనా ఆ వేళకు గన్ ముట్టుకుంటే నేను చెవులు మెలిపెట్టేదాన్ని. "బొగ్గు ఊళ్లో పుట్టి సైరన్ ఇనపడదా? చెవుల్ల దూది పెట్టుకున్నవా?" అనేదాన్ని. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు నన్నే కొడుతుంది.

ఫిట్టరన్నకు ఒక మోటార్‌సైకిల్ బండి ఉండేది. నిగనిగలాడే వంకాయ రంగు. పొద్దున్నే భుజం మీది తువ్వాలుతో దాన్ని తుడిచాకే ముఖం తుడుచుకునేవాడు. మా క్వార్టర్ల నుంచి షెడ్డు దూరం. దారిలో ఎందరో వెనక ఎక్కించుకుంటామన్నా, బండి రిపేరులో ఉన్న రోజున నడిచి వచ్చేవాడు కానీ ఇంకొకరి వెనక కూర్చునేవాడు కాదు. "నా ముందట ఇంకోని ఈపు ఎందుకు?" అనేవాడు.

మేము దిగిపోవడానికి ఇంకా కొన్నేళ్లు ఉందనగా, ఆయన భద్రాచలం అవతల చుట్టాల పెళ్లికి వెళ్లి వస్తున్నాడు. ఇంకా పాల్వంచ రాకముందే, పొద్దుగూకే వేళ, అడవి మలుపులో పంది అడ్డం వచ్చింది. ఆయన ఒక పక్క, బండి ఒక పక్క. కుడికాలు విరిగింది. దవాఖానలో రాడ్ వేశారు. బండి ట్యాంకు సొట్టపోయి, ముందరి ఫోర్కు వంగి, లైటు పగిలి, ఒక పక్కంతా రంగు గీరుకుపోయి ఇంటికి వచ్చింది. ఆయన భార్య, మా వదిన, దాన్ని పెరట్లో పెట్టించి పరదా కప్పింది.

కాలు అతుక్కుంది. నడువు, ఏం కాదు అని డాక్టరు చెప్పాడు. ఆయన నడవలేదు. మంచం, కుర్చీ, టీవీ. షెడ్డు నుంచి ఎవరు వెళ్లినా, "నేను ఇగ పనికిరాను" అనేవాడు. లీవులన్నీ అయిపోయాయి. ఇక డ్యూటీకైనా రావాలి, లేదంటే మెడికల్ బోర్డుకు వెళ్లి అన్‌ఫిట్ అయినా కావాలి. మన దగ్గర అన్‌ఫిట్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. తండ్రి దిగితే ఆ నౌకరీలో కొడుకు ఎక్కుతాడు. వదిన తమ్ముడు రోజూ వచ్చి కూర్చుని అదే పాట పాడుతున్నాడు. తప్పేం లేదు, నేను కూడా అట్లా ఎక్కినదాన్నే. కానీ మా నాయనకు ఊపిరి లేదు. ఈయనకు అన్నీ ఉన్నాయి, ధైర్యం తప్ప.

ఒకరోజు వదిన మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"బోర్డు కాయితాల మీద సంతకం పెడతనంటుండు చెల్లె. పిల్లగాడేమో ఆ నౌకరి నాకొద్దు, నేను చదువుకుంట అంటుండు. ఈయన ఇంట్ల కూసుంటే బతుకడు. నాకు తెలుసు గద. బండిని పాత ఇనుమోళ్లకు ఇయ్యమన్నడు. నా కండ్ల ముందట పెట్టకు అన్నడు."

"ఇనుమోళ్లకు ఇయ్యి," అన్నాను. "ఆ ఇనుమోన్ని నేనే."

మరుసటి రోజే ట్రాలీ ఆటోలో బండి మా పెరట్లో దిగింది. సొంత బండ్లు షెడ్డులోకి తేవడానికి లేదు కనుక ఇంట్లోనే చేయాలి. మా ఆయన టైలర్, వరండాలోనే మిషను. బండిని చూసి, "ఇది బండా, పీనుగా?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "రంగుల థిన్నర్ వాసన కూరల్ల తగలకుండ జూడు" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఫోర్కు, లైటు బజారులో మెకానిక్‌కు అప్పగించాను. ట్యాంకు, పక్క డోర్లు, మడ్‌గార్డులు మాత్రం నావి. పాత రంగు గీకి, సొట్టలు లాగించి, లప్పం పెట్టి, గరుకు నీళ్ల పేపరుతో రుద్ది రుద్ది వేళ్ల చివర్లు నున్నగా అయ్యాయి. రోజూ షిఫ్టు దిగి రావడం, కొంగు బిగించడం. అసలు వంకాయ రంగు ఏదో తెలుసుకోవడమే కష్టమైంది. ఎండకు పైదంతా వెలిసిపోయింది. చివరికి సీటు కింద, ఎండ తగలని చోట, ఆయన కొన్నప్పటి రంగు అట్లాగే ఉంది. అది చూసి నాకు ఎందుకో ఏడుపు వచ్చింది. ఆ ముక్కను చూపించి రంగుల దుకాణంలో కలిపించుకున్నాను. వాళ్లు రెండుసార్లు తప్పు కలిపితే రెండుసార్లూ తిప్పి పంపాను.

రంగు వేసిన రోజు పెరట్లో బండి భాగాలు వరసగా తీగకు వేలాడుతుంటే నాకు నేనే దిష్టి తీసుకోవాలనిపించింది. ఇక పైన మెరుపు కోసం వేసే క్లియర్ ఒక్కటే మిగిలింది. ఆదివారం పెట్టుకున్నాను. టైర్ల దుకాణం నుంచి గాలి మిషను తెచ్చాను, పెరట్లో నీళ్లు చల్లాను. గాలి లేదు. ఎండ సరిగ్గా ఉంది. చేయి నదిలా సాగింది. ట్యాంకు మీద క్లియర్ పడుతుంటే అందులో నా ముఖం, వెనక కొబ్బరాకు, పైన మబ్బు కూడా కనిపించాయి. "అబ్బ, నువ్వు పుట్టిందే ఇందుకే" అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అప్పుడు కాళ్ల కింద భూమి అదిరింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి.

నేను గన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. పరదా కోసం పరుగెత్తాలన్న తెలివి కూడా రాలేదు. కాసేపటికి నల్లటి దుమ్ము సన్నగా, ఏ తొందరా లేకుండా, తడి ట్యాంకు మీద, మడ్‌గార్డుల మీద, నా ముక్కు మీద కూర్చుంది.

"ఓ దేవుడా!" అని అరిచాను. "సైరన్ మోగలేదా?"

వరండాలోంచి మా ఆయన తల బయట పెట్టాడు. "మోగింది గద."

"మోగితే చెప్పవా?"

"నీకు ఇనపడ్డదనుకున్న. ఊరందరికీ సైరన్ పాఠం జెప్పేటిదానివి, నీకు నేను జెప్పాల్నా?"

చెప్పేవి శ్రీరంగ నీతులు అంటే ఇదే. రచ్చ గెలిచి ఇంట ఓడిపోయాను. ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు. ఎందుకు వినపడలేదా అని ఆలోచిస్తే అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లుగా నేను వింటున్నది సైరన్‌ను కాదు. పుట్టినప్పటి నుంచీ ఉన్న చప్పుడు అది, చెవి దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. షట్టర్ గడగడమంటే అది విని గన్ ఆపేదాన్ని. ఇంట్లో షట్టర్ ఎక్కడిది?

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని పరదా కప్పాను. కానీ వదిన ఊరగాయ ఇవ్వడానికి వచ్చి పరదా ఎత్తి చూసి, నోరు నొక్కుకుని వెళ్లిపోయింది.

తెల్లవారి మా గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక చేతికర్ర దిగింది, తర్వాత ఒక కాలు, తర్వాత ఫిట్టరన్న. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ మనిషి తన గుమ్మం దాటడం అదే మొదటిసారి. వెనక వదిన కళ్లు పెద్దవి చేసుకుని దిగింది.

"ఏది? చూపియ్యి," అన్నాడు.

"ఏం లేదన్నా..."

"ఏం లేకుంటేనే వస్తినా? తియ్యి పరదా."

తీశాను. ఆయన వంగి, ట్యాంకు మీద అరచేయి పెట్టి నెమ్మదిగా రాశాడు. గరగర వినిపించింది. మళ్లీ రాశాడు. తల ఎత్తి నన్ను చూశాడు.

"గిది రంగా చెల్లె? మామిడికాయ ముక్కకు కారం అద్దినట్టున్నది గద!"

అని నవ్వడం మొదలుపెట్టాడు. కర్ర పట్టుకుని వంగి వంగి నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. వదిన ఆయన్ని చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"నవ్వకు అన్నా! నిద్ర లేకుండ చేసిన పని అది."

"సైరన్ ఇనపడలేదా? బొగ్గు ఊళ్లె పుట్టి? చెవుల్ల దూది పెట్టుకున్నవా?"

నా మాటే నాకు అప్పజెప్పాడు. ఇక ఆపుకోలేకపోయాను.

"నువ్వు షట్టర్ దించితే గద నాకు సైరన్ అని తెలిసేది! నువ్వు ఇంట్ల గూసుంటే నాకు ఎవరు దించాలె?"

కోపంలో అన్నాను. ముందుగా అనుకుని అన్న మాట కాదు. ఆయన నవ్వు ఆగింది. తర్వాత మా ఆయన కుట్టుమిషను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నీళ్ల పేపర్ ఇయ్యి," అన్నాడు.

ఇద్దరం బకెట్ నీళ్లు మధ్యలో పెట్టుకుని ఆ దుమ్మంతా రుద్దాం. రుద్దుతూ రుద్దుతూ, తల ఎత్తకుండానే ఆయన చెప్పాడు.

"పంది కనపడ్డది చెల్లె. మంచిగనే కనపడ్డది. బ్రేకు తొక్కుమని కాలుకు జెప్పిన. కాలు ఇనలే. గిన్నేండ్లు అందరి బ్రేకులు చేసిన, నా కాలు నా మాట ఇనలే. ఇగ నేనేం ఫిట్టర్ను?"

"నా చెవి నా మాట ఇన్నదా మరి? ట్యాంకు చూస్తివి గద" అన్నాను. ఆయన 'అవ్' అని తల ఊపాడు, ఓదార్పుగా కాదు, లెక్క సరిపోయినట్టు.

ఆ రోజు నుంచి రోజూ వచ్చాడు. ముందు తప్పులు పట్టడానికి, తర్వాత స్పానర్లు పట్టుకోవడానికి. బజారు మెకానిక్ బిగించిన ప్రతి నట్టూ విప్పి, తిట్టి, మళ్లీ బిగించాడు. రాడ్ వేసిన కాలు చీలమండ దగ్గర పూర్తిగా లేవడం లేదు. పెడల్ ఎత్తుగా ఉంటే పాదం దాని మీదికి ఎక్కదు. అందుకని బ్రేకు పెడల్‌ను కిందికి దించి, మళ్లీ కూర్చుని చూసుకుని, ఇంకాస్త దించాడు. ఆ కాలు ఎంత లేస్తుందో అంతకే పెడల్ వచ్చింది.

మళ్లీ క్లియర్ వేసే ఆదివారం ఆయనే పెరట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "నేను జెప్పేదాక గన్ ముట్టకు." సైరన్ మోగగానే లేచి నిలబడి, తీగ మీద మడిచి ఉన్న పరదాను కర్రతో గుంజి, బర్రుమని కిందికి దించాడు. భూమి అదిరింది. దుమ్ము వచ్చి, పరదా మీద పడి, పోయింది. అప్పుడు "ఊ, గానియ్యి" అన్నాడు. వేశాను. ఆరాక చుట్టూ తిరిగి చూశాడు. ఒకసారి, రెండోసారి. ఏమీ అనకుండా వెళ్లి ఆటో ఎక్కాడు. నాకు ఎవరూ పతకం ఇవ్వలేదు, ఇచ్చినా అంత సంతోషపడేదాన్ని కాదు.

ఇక తేల్చుకోవాల్సిన రోజు వచ్చింది. ఆ పొద్దున డ్యూటీకి వచ్చి హాజరు మస్టర్ వేయించుకోవాలి, లేదంటే బోర్డు కాగితాల మీద సంతకం పెట్టాలి. వదిన తమ్ముడు తెల్ల చొక్కా వేసుకుని వాళ్లింట్లో కూర్చుని ఉన్నాడు. నేను డ్యూటీ బట్టల్లో వెళ్లాను. బండిని ముందు రోజే మా ఆయన నడిపించుకుని వెళ్లి వాళ్ల గుమ్మం ముందు నిలబెట్టాడు. ఎండలో అది పొలంలో కోసిన వంకాయలా ఉంది.

ఫిట్టరన్న బయటికి వచ్చాడు. యూనిఫాం వేసుకున్నాడు, కానీ చేతికర్ర వదల్లేదు.

"ముందు నువ్వు ఒక చుట్టు తిప్పుకరా, బండి ఎట్లున్నదో జూత్త," అన్నాడు నాతో.

"నాకు రాదన్నా."

"ఏందీ?"

"బండి నడపరాదు. సైకిల్ గూడ రాదు."

ఆయన నోరు తెరిచాడు. "గిన్నేండ్ల సంది బండ్లకు రంగులేస్తున్నవ్, నడపరాదా?"

"పెండ్లికూతుర్ని చేసేటోళ్లు కాపురం గూడ చేస్తరా? మస్టర్ టైం అయితున్నది. ఎక్కు. నేను ఎనక కూసుంట. నడుస్తనంటే షెడ్డు దాక నడవలేను, మోకాళ్లు నొస్తున్నయి."

అది నిజమే, మోకాళ్లు నొప్పే. ఆయన కర్రను వదిన చేతికిచ్చి బండి ఎక్కాడు. నేను వెనక కూర్చున్నాను. నా ప్రాణం నా చేతుల్లో లేదని తెలుసు, అయినా రంగు మీద గీత పడుతుందేమోనన్న భయమే ఎక్కువగా ఉంది.

నెమ్మదిగా కదిలాం. క్వార్టర్లు దాటాం. ఆయన వీపు కర్రలా బిగుసుకుని ఉంది. షెడ్డు మలుపు దగ్గర గోడ చాటు నుంచి మేకల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది.

బండి ఆగింది. ఎంత గట్టిగా ఆగిందంటే, నా ముక్కు వెళ్లి ఆయన హెల్మెట్‌కు ధన్‌మని తగిలింది. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. మేకలు మమ్మల్ని పట్టించుకోకుండా దాటుతున్నాయి.

"అన్నా, నా ముక్కు..."

"ఇన్నది చెల్లె!" అని ఆయన అరిచాడు. "కాలు ఇన్నది! జెప్పకముందే ఇన్నది!"

నడిరోడ్డు మీద, మేకల మధ్య, ఆ మనిషి భుజాలు అదురుతుంటే నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనక నుంచి నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను. ముక్కు నొప్పికే అని తర్వాత అందరికీ చెప్పాను. ఆ రోజు వాచిన ముక్కుతోనే నేను మస్టర్ వేయించుకున్నాను, నా ముందు ఆయన వేయించుకున్నాడు. మధ్యాహ్నం సైరన్‌కు షట్టర్ గడగడమంది. ఎవరు దించారో తల తిప్పి చూడకుండానే తెలిసింది.

పిల్లలూ, పొగరు ఉండాలనే ఇప్పటికీ చెబుతాను. అయితే మీ చెవి ఎక్కడ నిద్రపోతుందో తెలిసినవాణ్ని ఒకణ్ని పక్కన పెట్టుకోండి. ఒక్కోసారి మనం బాగా చేసిన పని చూడటానికి రాని మనిషి, మనం చెడగొట్టింది చూడటానికి వస్తాడు. రావడం ముఖ్యం.

ఇప్పుడు ఇద్దరం దిగిపోయాం. వంకాయ రంగు ఇంకా అట్లాగే ఉంది, ఆయన ఇంకా దాని మీదే కూరగాయలకు వెళుతున్నాడు. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగగానే నాకు ఫోన్ చేస్తాడు. ఇవాళ కూడా సైరన్ మోగింది. ఆ ఆదివారం తర్వాత నాకు సైరన్ బాగానే వినపడుతోంది, కానీ ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను, మోగగానే ఎత్తాను.

"చెల్లె, షట్టర్ దించు."

"దించిన అన్నా," అన్నాను.